ముప్పాతిక చుట్టు

గజపతినగరంలో, సంతదారి మొగలో మా కొలిమి.
తిత్తి లాగేది నేను. తొమ్మిదేళ్లు నాకు.
ఆ పొద్దు నిప్పు రాజుకోకముందే
గోగునార షావుకారి మోటారు
రెండెడ్లు లాక్కొస్తే వచ్చి ఆగింది.
ఎడ్లకి సిగ్గు లేదు. మోటారుకే ఉన్నట్టుంది,
దీపాలు రెండూ నేలచూపులు చూస్తున్నాయి.

నడిపేవాడు బూరి జోగులు.
కుడి మణికట్టు నూనెలో వేసిన బూరెలా పొంగి ఉంది.
"సాలూరు దారిలో ముందు చక్రానికి రాయి తగిల్తే
ఆ దెబ్బంతా కడ్డీ ఎక్కి నా సేతిలోకొచ్చేస్తంది బావూ.
తిప్పబోతే కొండని తిప్పినట్టుంటాది.
తిరిగిందా, కోడెదూడలాగ ఒక్క గెంతు."

మా అయ్య గోనెపట్టా పరుచుకుని
మోటారు కిందికి దూరిపోయాడు.
లాంతరు పట్టుకుని నేనూ.
అంత దగ్గరగా దాని కడుపు చూసినవాళ్లం
ఈ ఊళ్లో మేమిద్దరమే.
పెట్టెలోంచి కిందికి వేలాడే ఇనుప చెయ్యి,
చెయ్యి చివర గుండ్రటి బంతి,
బంతిని పట్టుకున్న పొడుగాటి కడ్డీ.
తాటాకు ముక్కతో కొలిచాడు. ఎనిమిది అంగుళాలు.
చాలాసేపు మాట్లాడలేదు.
అప్పుడన్నాడు, నాతోనో ఇనుముతోనో,
"ఏతమే కదేటి ఇది, గుంటా!
మాను మీద మనిసి ఎక్కడ నిలబడ్డాడన్నదే లెక్క."

రెండంగుళాలు పైకి సుద్దతో చుక్క.
నేను తిత్తి లాగాను, చుక్క మాయమయ్యేదాకా,
ఇనుము దానిమ్మగింజ రంగుకి తిరిగేదాకా.
దాకలి మీద పోటు పెట్టి, సమ్మెటతో కొత్త బెజ్జం.
నీళ్లలో ముంచలేదు. ఊకబూడిదలో పాతిపెట్టాడు
దుంపని కాల్చుకున్నట్టు, తెల్లారేదాకా.
తొందరగా చల్లారితే పెళుసెక్కుతుందట.
పెళుసెక్కితే ఏ మలుపులోనో విరుగుతుందట.
పాత బెజ్జం మాత్రం పూడ్చలేదు.

మర్నాడు బంతి పైకెక్కింది. సక్రం తేలికైంది.
జోగులు రెండు వేళ్లతో తిప్పి చూసి
చిన్నపిల్లాడిలా నవ్వాడు.
నన్నూ ఎక్కించుకున్నాడు.
చంపావతి వంతెన ఇవతలి మలుపుకి
ఎప్పటిలాగే ముప్పాతిక చుట్టు తిప్పాడు.
మోటారు ముప్పాతిక మాటే వింది.
తక్కిన పాతిక మేము గోగుచేలో తిరిగాం.
నా జడ నిండా పచ్చాకు.
చేనుగలాయన తిట్టిన తిట్లు
ఇక్కడ రాయడానికి లేదు.

అయ్య వచ్చి చూశాడు. దేన్నీ విప్పలేదు.
"ఇనుము ఒక్క రాత్రిలో మారిపోనాది.
నీ సెయ్యికి ఎన్నాళ్లు కావాలో నాకేటి తెలుసు?"

ఆ సాయంత్రం జోగులుని
మా వంటింటి వసారాలో తిరగలి ముందు కూచోబెట్టాడు.
ముప్పాతిక దగ్గర ఆగకుండా, నిండుగా ఒక చుట్టు.
ఆపు. వెనక్కి తే. మళ్లీ.
వెనక్కి తిప్పితే పిండి రాదని మా అమ్మ గొణిగింది.
సరే, వెనక్కి వద్దన్నాడు అయ్య.
పిడి పట్టుకుని జోగులు కళ్లు మూసుకునేవాడు.
నేను గుప్పెడేసి చోళ్లు పోస్తూ
"బొండపల్లి మలుపు!" అని అరిచేదాన్ని.
"వంతెన!"
"గొర్రెలు అడ్డం!"
మణికట్టు వాపు తగ్గుతుంటే
చేటలో పిండి గుట్ట పెరిగింది.

షావుకారు వచ్చి, మోటారు మందగించిందేమని అడిగాడు.
మునుపు చిటికెలో తిరిగేదట.
తమరే నడుపుకోండి, పాత బెజ్జం అలాగే ఉందన్నాడు అయ్య.
ఆయన జోగులు చేతి కట్టు వంక చూసి
ఆరణాలూ లెక్కపెట్టి ఇచ్చాడు.

నాలుగోనాడు తెల్లారగట్ట
వంతెన మలుపులో హారన్ మోగింది.
కొలిమి దగ్గర ముగ్గురం చెవులొగ్గాం.
చప్పుడు తప్పిపోలేదు. చేలోకి దిగలేదు.
వంకర తిరిగి, సన్నబడి, ఏటి అవతలికి వెళ్లిపోయింది.

అయ్య బీడీ ముట్టించుకున్నాడు.
అమ్మ ఒక్కతే కాస్త దిగులుగా
"ఇంకా రెండు కుంచాల చోళ్లున్నాయి," అంది.